ఎదురెదురు నడక

మల్కాజ్‌గిరిలో మా ఇంటి నుంచి స్కూటరు మీద బయల్దేరితే, సైనిక్‌పురి దాటిన కొద్దిసేపటికి ఆ అడవి గేటు వస్తుంది. అడవి అని మేమంటాం గాని, అది కంచె వేసి కాపాడుకొస్తున్న కాస్త జాగా. పెద్ద పెద్ద బండలు, సీతాఫలం పొదలు, వేపచెట్లు, మనుషుల్ని బొత్తిగా లెక్కచేయని నెమళ్ళు. లోపల గుండ్రంగా ఒక మట్టిబాట ఉంది. ఎక్కడ మొదలుపెడితే మళ్ళీ అక్కడికే తెచ్చి వదులుతుంది.

మా ఆయన రైల్వేలో గూడ్సు గార్డుగా పనిచేసి రిటైరయ్యారు. ఆ తర్వాత గుండెకు బైపాస్ జరిగింది. డాక్టరు రోజూ నడవమన్నాడు. ఆయన్ని నడిపించే పని ఎవరూ చెప్పకుండానే నేను నెత్తికెత్తుకున్నాను. ఐసీయూ తలుపు బయట కూర్చున్న రోజులు నన్ను వదల్లేదు మరి. ఇంటికొచ్చాక కూడా, ఆయన స్నానానికి వెళ్ళి కాస్త ఆలస్యమైతే చాలు, వెళ్ళి తలుపు కొట్టేదాన్ని.

అందుకే మొదట్లో ఆ బాట మీద ఆయన వెనకాలే నడిచాను. మెల్లగా, అక్కడ రాయి ఉంది, చెమట పడుతోందా, నీళ్ళు తాగండి అంటూ. కొన్నాళ్ళు ఓర్చుకున్నారు. ఒక పొద్దున గేటు లోపలికి రాగానే ఆగిపోయారు.

"రైలుకు గార్డు ఒక్కడే ఉంటడు. గా గార్డును నేనే. నా ఎనకాల ఇంకో గార్డు ఎందుకు? నువ్వు అటు పో, నేను ఇటు పోత. నడుమల కలుస్తం గద."

నాకు ఒళ్ళు మండింది. కోపమొస్తే నేను అరవను, మాట్లాడ్డం మానేస్తాను; ఆ విద్యలో మా ఇంట్లో నన్ను మించినవాళ్ళు లేరు. మూతి ముడుచుకుని, గుడి చుట్టూ తిరిగినట్టు ప్రదక్షిణంగా బయల్దేరాను. ఆయన అప్రదక్షిణంగా వెళ్ళారు. పాపమంటూ ఏదైనా ఉంటే అది ఆయనకే తగులుతుందిలే అనుకున్నాను.

బాట అవతలి కొసన ఏనుగు పడుకున్నట్టుండే బండ ఒకటి ఉంది. ఆ మలుపులో ఎదురుపడ్డాం. ఆయన ఆగలేదు. నన్నొకసారి పైనుంచి కిందిదాకా చూసి, కుడిచెయ్యి పక్కకు చాచి, కదలకుండా పట్టుకుని దాటిపోయారు. అది సర్వీసులో అలవాటైన సైగ. రెండు రైళ్ళు పక్కపక్క పట్టాల మీద ఎదురెదురుగా దాటేటప్పుడు గార్డులు పచ్చజెండా చాచి చూపిస్తారు, ఆల్‌రైట్ అని. ఇప్పుడు జెండా లేదు కాబట్టి చెయ్యి.

తనకేం కాలేదని, తను బాగానే ఉన్నానని చెప్తున్నారనుకున్నాను. కోపం ఎటు పోయిందో తెలియదు. నేనూ చెయ్యెత్తి ఊపాను.

"గట్ల ఊపద్దు," అన్నారు తర్వాత గేటు బయట రాగిజావ తాగుతూ. "ఊపితే మెల్లగ పొమ్మని. నిలకడగ పట్టాలె."

అదే మా పద్ధతైపోయింది. మలుపు దగ్గరపడుతుంటే నాకు గుండె దడ మొదలయ్యేది. ఆ చెయ్యి కనబడితే మిగిలిన సగం బాట హాయిగా నడిచేదాన్ని. నేను మాత్రం ఊపుతూనే ఉన్నాను. ఆ వయసులో కొత్త ఉద్యోగం నేర్చుకునే ఓపిక నాకు లేదు.

చలి మొదలైన రోజుల్లో నాకు ఆయాసం రావడం మొదలైంది. ఎడమ భుజం లాగేది. గ్యాసు అనుకున్నాను, వయసు అనుకున్నాను. ఇంట్లో ఒక గుండెజబ్బు చాలదా అని ఎవరికీ చెప్పలేదు.

ఒక పొద్దున మలుపు తిరిగేసరికి ఆయన బండ దగ్గరే నిలబడిపోయి ఉన్నారు. నన్ను చూడగానే రెండు చేతులూ తలపైకి ఎత్తారు. నా కళ్ళ ముందుకు ఆ ఐసీయూ తలుపు వచ్చింది. ఆయనకేదో అయింది, నన్ను పిలుస్తున్నారు అనుకుని పరుగెత్తాను. చెప్పు ఒకటి ఊడిపోయినా ఆగలేదు.

"ఆగు. ఆగమంటే ఉరుకుతవేందే?"

నన్ను పట్టుకుని బండ మీద కూర్చోబెట్టారు. ఊపిరి అందడం లేదు.

"మీకేమయ్యింది?" అన్నాను ఎలాగో.

"నాకేమైతది, మంచిగనే ఉన్న. నిన్ను ఆపిన. నాలుగు రోజుల సంది చూస్తున్న, చలికేమో అని పోనిచ్చిన. గీ మలుపు కాడికొచ్చేసరికి నీ మొఖంల నెత్తురుంటలేదు. చెయ్యి ఛాతి మీద పెట్టుకుంటున్నవ్, నన్ను చూడంగనే తీస్తున్నవ్. ఇయ్యాల నడక సుత మారింది."

"మరి రోజు మంచిగున్న అని చెయ్యి చూపిస్తుంటిరి గద?"

ఆయన నిజంగానే అర్థం కానట్టు చూశారు.

"నేను మంచిగున్న అని నేనెందుకు చూపిస్త? ఎదురొచ్చే బండిని ఇంజను నుంచి ఆఖరి డబ్బా దాక చూడాలె. పొగ వస్తుందా, ఏదన్న ఏలాడుతుందా అని. అన్ని మంచిగుంటెనే చెయ్యి చాపాలె. నీ బండి మంచిగున్నది, పో అని. ఎవ్వని బండి వానికి కనబడదు గదనే."

నాకు ఏడుపు ఆగలేదు. ఆ బాట మీద కాపలా కాస్తున్నది నేనే అనుకున్నాను అన్నాళ్ళూ. బైపాస్ అయిన మనిషి, తన ఆయాసం తనకుండగా, ప్రతి చుట్టులో నన్ను తల నుంచి కాళ్ళదాకా చూసుకుంటూ వెళ్ళారు.

ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్ళారు. రక్తనాళం మూసుకుపోవడానికి వచ్చిందన్నారు, స్టెంటు వేశారు. ఈసారి ఐసీయూ తలుపు బయట ఆయన కూర్చున్నారు.

మళ్ళీ ఆ గేటు దగ్గరికి వెళ్ళిన పొద్దున ఆయన నా పక్కకొచ్చి చెయ్యి పట్టుకున్నారు.

"ఇగ కలిసే పోదాం. జెర మెల్లగ."

నాకూ అలాగే నడవాలని ఉంది. అయినా చెయ్యి విడిపించుకున్నాను.

"మీరు అటే పోండి. పక్కన నడిస్తే మీరు నాకు మంచిగ కనబడరు."

మలుపులో ఎదురయ్యారు. ఈసారి నేను ముందు చూశాను. బూటు లేసులు ముడేసి ఉన్నాయి. అడుగులు తడబడడం లేదు. పెదాల రంగు బాగుంది. క్షవరం మాత్రం చేయించుకోవాలి. అంతా చూశాక చెయ్యి చాచాను, ఊపకుండా.

ఎప్పుడూ ఆగని మనిషి ఆగారు. నన్ను చాలాసేపు చూశారు. ఆ తర్వాత మెల్లగా చెయ్యి చాచారు.