బకెట్ సారు ఆర్పేసిన మాట

ఆ రోజుల్లో మా ఇంట్లో కొవ్వొత్తి అంటే కరెంటు పోయినప్పుడు వెతుక్కునే వస్తువే తప్ప, కరెంటు ఉండగా వెలిగించుకునే వస్తువు కాదు. వెతికినప్పుడు అది దొరికేది కాదు. అది దొరికితే అగ్గిపెట్టె దొరికేది కాదు. రెండూ దొరికేసరికి కరెంటు వచ్చేది. ఇప్పుడు మా ఆవిడ స్నానాల గదిలో కూడా గంధపు వాసన కొవ్వొత్తి పెడుతుంది. దానికో గాజు గ్లాసు, ఆ గ్లాసుకో కర్ర మూత. (ఆ మూత ముట్టుకోవద్దని నాకు గట్టి ఆజ్ఞ ఉంది.) అది చూసినప్పుడల్లా నాకు ఇరవై మూడో ఏట నా చేత్తో తయారుచేసిన కొవ్వొత్తులూ, వాటి వెలుగులో మా నాయన మొదలుపెట్టి సగంలో ఆపేసిన ఒక మాటా గుర్తుకొస్తాయి. కొవ్వొత్తులు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ మాట తలుచుకుంటే ఆ నవ్వు అక్కడికక్కడే ఆగిపోతుంది.

అప్పుడు మేము నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో, మూడో అంతస్తులో, రెండు గదుల ఇంట్లో కిరాయికి ఉండేవాళ్లం. నాయన ఉస్మాన్‌గంజ్‌లో చింతపండు, మిరపకాయల హోల్‌సేల్ దుకాణంలో గుమాస్తా. సాయంత్రం ఆయన గడపలో అడుగుపెట్టగానే ముందు అమ్మ తుమ్మేది, తర్వాత నేను తుమ్మేవాణ్ణి, ఆ తర్వాత మెట్ల మీద పడుకున్న పిల్లి తుమ్మేది. ఎంత ఘాటు మోసుకొచ్చినా మనిషి మాత్రం మహా మెత్తన. మాట కూడా పొదుపు. దినమంతా బేరగాళ్ల అరుపులు వినీ వినీ ఇంటికొచ్చాక మాట మీద ఆశ చచ్చిపోయేదేమో. నేను అప్పుడే గన్‌ఫౌండ్రీలో ఒక ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగంలో చేరి, లోకంలో నాకు తెలియనిదంటూ లేదని నమ్ముతున్న దశలో ఉన్నాను.

సరిగ్గా ఆ సమయంలోనే ఇంట్లో మాటలు బందయ్యాయి. ఖైరతాబాద్‌లో మా మేనమామ, అంటే అమ్మకు సొంత తమ్ముడు, కొత్త ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి పిలిచాడు. "మీరు ముందుగాల పోండ్రి, నేను దుకాణంల మొకం చూపెట్టి అటే వస్త" అన్నాడు నాయన. రాలేదు. వచ్చిన ప్రతి చుట్టమూ "బావ ఏడి?" "అన్న రాలేదా?" అని అడగడం, అమ్మ "వస్తున్నడు, తొవ్వల ఉన్నడు" అనడం, ఆఖరి బంతి భోజనాలు లేచిపోయేదాకా ఇదే వరుస. ఇంటికొచ్చాక నాయన నేల చూస్తూ చెప్పింది రెండే ముక్కలు. "లోడ్ వచ్చింది." అంతే. అమ్మ తిరిగి ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే మొదలుపెట్టింది.

ఆ మర్నాటి నుంచి నేను తపాలా శాఖనయ్యాను. ఇద్దరూ చేయి చాపితే అందేంత దూరంలో కూర్చునేవాళ్లు. "మీ నాయినకు చెప్పు, చాయ్ సల్లారుతున్నదని" అనేది అమ్మ. నేను నాయన వైపు తిరిగేలోపు ఆయన "విన్న అని చెప్పు" అనేవాడు. "విన్నడంట" అనేవాణ్ణి. "వింటే తాగమను." "తాగుతున్న అని చెప్పు." ఒక్కోసారి రెండు వైపుల నుంచీ ఒకేసారి ఉత్తరాలు వచ్చి నేను తారుమారు చేసేవాణ్ణి. (నాయన తన అంగీకి గుండీ కుట్టమని చెప్పమంటే, అమ్మకు పప్పులో ఉప్పు చాలలేదని చెప్పాను. దాని ఫలితం రెండు రోజులు తిన్నాం.)

ఇంతలో మా ఆఫీసులో ఒక పెద్దాయన రిటైరైతే, ఆబిడ్స్‌లో ఒక మేడ మీది హోటల్లో విందు చేశారు. బల్ల బల్లకూ ఒక కొవ్వొత్తి. పక్క బల్ల దగ్గర మా అమ్మానాయనల వయసున్న భార్యాభర్తలు కూర్చుని, తినడం కూడా మరిచి మాట్లాడుకుంటున్నారు. వాళ్లనే చూస్తూ కూర్చున్న నాకు ఒక జ్ఞానోదయం కలిగింది. ట్యూబ్‌లైటు వెలుగులో మొహాలు మరీ కొట్టొచ్చినట్టు కనబడతాయి, అందుకే మనుషులు మాట్లాడలేకపోతున్నారు, మసక వెలుతురు ఉంటే చాలు, మాటలు వాటంతటవే వస్తాయి! వచ్చే వారమే మా అమ్మానాయనల పెళ్లయి ఇరవై అయిదేళ్లు. (పెళ్లిరోజు జరుపుకోవడం మా ఇంట్లో లేదు. "అయ్యింది అయిపాయె, మళ్ల దానికి పండుగేంది?" అనేవాడు నాయన.) ఆ రాత్రి భోజనం కొవ్వొత్తుల వెలుగులోనే అని నిశ్చయించాను. దుకాణంలో కొన్నవి కావు, నా చేత్తో చేసినవి.

ఫోన్లో వీడియోలు చూసి, బేగంబజారులో మైనం గడ్డలూ ఒత్తుల దారమూ కొనుక్కొచ్చి, ఆదివారం అమ్మ పూజకని కిందికి వెళ్లినప్పుడు పాలగిన్నెలో మైనం వేసి నేరుగా పొయ్యి మీద పెట్టాను. కాసేపటికి గిన్నె పొగలు కక్కింది. ఆ పొగ వెంటే ఎదురింటి బకెట్ సారు వచ్చాడు.

ఈయన మెదక్ నుంచి వచ్చి స్థిరపడ్డ రిటైర్డ్ టీచరు. ఇల్లంతా క్రిస్మస్ నక్షత్రాలూ, గోడకు యేసు పటమూ, తలుపు పక్కన రెండు ఎర్ర బకెట్లూ. ఒకదాంట్లో నీళ్లు, ఒకదాంట్లో ఇసుక. అగ్ని అంటే ఆయనకు చచ్చేంత భయం. ఎవరింట్లో పోపు మాడినా బకెట్‌తో ప్రత్యక్షమయ్యేవాడు. ఆ రోజు ముందు పొయ్యి ఆపి, తర్వాత నా వీపు మీద ఒకటి వేశాడు.

"ఏం పోరనివి రా! మైనం నేరుగ మంట మీద పెడ్తరా? నూనె లెక్క భగ్గుమంటది. పెద్ద గిన్నెల నీళ్లు పోసి, దాంట్ల చిన్న గిన్నె పెట్టాలె. ముప్పై ఏండ్ల సంది క్రిస్మస్‌కు ఇంటినిండ మోంబత్తులు ముట్టిస్తున్న, ఒక్క పరదా అంచు కూడ కాలలే, తెలుసా?"

"మరి అంటుకుంటే ఏం చేయాలె సార్?"

"మూత పెట్టాలె, లేకుంటే ఇసుక పోయాలె. నీళ్లు మాత్రం పోయొద్దు, మైనం చిటపట ఎగిరి మొకాన పడ్తది. యాదిపెట్టుకో."

బుద్ధిగా గుర్తుపెట్టుకున్నాను. ఆయన చెప్పినవన్నీ గుర్తుపెట్టుకున్నాను: పరదాకు దూరంగా పెట్టాలి, ఫ్యాను ఆపాలి, ఒత్తి పొడుగైతే కత్తిరించాలి, కింద నీళ్లు పోసిన పళ్లెం ఉండాలి, వెలిగించి వదిలి వెళ్లకూడదు. ఎందుకు చేస్తున్నానో మాత్రం ఆయనకు చెప్పలేదు. ఆయనకు చెబితే గల్లీకి చెప్పినట్టే. అమ్మకు "ఆఫీసుల పోటీ ఉన్నది" అని అబద్ధమాడాను.

ఇక నా కళ చెలరేగిపోయింది. బత్తాయి తొక్కలను గిన్నెల్లా చేసి మైనం పోశాను. కొబ్బరి చిప్పల్లో పోశాను. అంచు విరిగిన చాయ్ గ్లాసుల్లో పోశాను. చిన్నప్పటి రంగు క్రేయాన్లు కరిగించి కలిపితే, నేను గులాబీ అనుకున్నది ఇటుక రంగుకు తిరిగింది. వాసన కోసం నాయన దుకాణం నుంచి తెచ్చిన దాల్చినచెక్కా లవంగాలూ దంచి వేశాను. దాంతో ఇల్లంతా ఎలాంటి వాసన వచ్చిందంటే, కింది ఇంటావిడ మెట్లెక్కి వచ్చి "బిర్యానీ ఎన్ని గంటలకు దించుతున్రు?" అని అడిగిపోయింది. మిగిలిన మైనం సింకులో పారబోశాను. అది గొట్టంలో గడ్డకట్టి, అంట్ల నీళ్లు పైకి తన్నాయి. "వీని పోటీల మన్నువడ!" అంది అమ్మ. చాలా రోజుల తర్వాత నేరుగా నాయన వైపు చూస్తూ అన్న మాట అది. ఆయన తల ఊపాడు. పథకం అప్పుడే పనిచేస్తోందని నేను మురిసిపోయాను.

పెళ్లిరోజు సాయంత్రం ఆబిడ్స్ నుంచి భోజనమూ జిలేబీలూ తెచ్చాను. (అయినా అమ్మ పప్పు చేసింది. బయటి తిండి ఆయనకు పడదట. మాట్లాడకపోయినా ఆ సంగతి మరవలేదు.) పరదా ముడేశాను, ఫ్యాను ఆపాను, నీళ్ల పళ్లేలు పెట్టాను, ఒత్తులు కత్తిరించాను, అన్నీ వెలిగించి లైటు తీసేశాను.

"ఫ్యూజ్ పోయిందా ఏంది?" అంటూ నాయన కండువా సర్దుకుని లేవబోయాడు.

"పోలేదు నాయినా. నేనే బంద్ చేసిన. కూసో."

"ఉన్న కరెంటు ఎందుకు బంద్ చేసినవ్?"

"ఇయ్యాల మీ పెండ్లిదినం. ఇరవై అయిదేండ్లు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ట్యూబ్‌లైటు కింద ఎన్నడూ అలా చూసుకోలేదని నేను ప్రమాణం చేసి చెప్పగలను. ఇటుక రంగు వెలుగులో అమ్మ ముక్కుపుడక మెరుస్తోంది. స్టేషన్లో ఏదో బండి గురించి మైకులో చెబుతున్నారు. నేను వంటింటి గడప దగ్గర నక్కి, ఒక కన్ను వాళ్ల మీదా ఇంకో కన్ను ఒత్తుల మీదా వేసి కూర్చున్నాను.

"పోరడు మంచిగనే చేసిండు" అన్నాడు నాయన, గోడతో అన్నట్టు.

"పాలగిన్నె పాడుచేసిండు" అంది అమ్మ, అదే గోడతో. కానీ గొంతులో కోపం లేదు.

కాసేపు తిన్నారు. తర్వాత నాయన చేయి పళ్లెంలోనే ఆగిపోయింది. ఆయన గొంతు సవరించుకున్నాడు. నేను పుట్టాక ఆయన నోట వినని నెమ్మదితో, నేరుగా అమ్మతోనే అన్నాడు. "ఇగో... ఆ దినం నేను రాంది లోడ్ వచ్చినందుకు కాదు..."

అమ్మ తలెత్తింది. నాయన ఇంకో మాట కోసం తడుముకుంటున్నాడు.

దభాలున తలుపు తెరుచుకుంది. "ఫికర్ చేయకుర్రి! నేనొచ్చిన!" అన్న కేక, దాని వెనకే బకెట్ నిండా నీళ్లు. ఎదురింటి వంటింటి కిటికీలోంచి మా గోడ మీద ఎర్రగా కదులుతున్న వెలుగు చూసి, మాడిన దాల్చినచెక్క వాసన పీల్చి, ఇల్లు తగలబడుతోందని పరుగెత్తుకొచ్చాడు బకెట్ సారు. నీళ్లు మాత్రం పోయొద్దని నాకు పాఠం చెప్పిన మనిషే కంగారులో నీళ్ల బకెట్ అందుకున్నాడు. కొవ్వొత్తులన్నీ ఒక్క దెబ్బకు ఆరిపోయాయి. చీకట్లో టపటపమని నీళ్లు కారే చప్పుడు.

నేను లైటు వేశాను. నాయన మీసం మీద పప్పు. ఒళ్లో బత్తాయి తొక్క. అమ్మ కొంగు పిండుకుంటోంది. సారు ఖాళీ బకెట్ పట్టుకుని పళ్లేల వంకా, ముడేసిన పరదా వంకా, కత్తిరించిన ఒత్తుల వంకా చూసి, "అన్ని కాయిదగనే పెట్టినవ్ గద బిడ్డా, మరి జర నాకు ముందుగాల చెప్పద్దా?" అన్నాడు ఏడుపు గొంతుతో. ముందు అమ్మ నవ్వింది. అమ్మను చూసి నాయన నవ్వాడు. ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడుతూ, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వారు. సారు కూడా నవ్వి, మిగిలిన జిలేబీ మా ఇంట్లోనే తినిపోయాడు. ఆ రాత్రితో నా తపాలా ఉద్యోగం పోయింది.

మర్నాడు చాయ్ ఇస్తూ అమ్మ అడిగింది. "రాత్రి ఏమో అనవోతివి?" నాయన చాయ్ ఊదుకున్నాడు. "ఏంలే. లోడ్ వచ్చింది అంటున్న." ఇంకో వారానికి మళ్లీ అడిగింది. అదే జవాబు. ట్యూబ్‌లైటు కింద ఆయన మళ్లీ పాత మనిషయ్యాడు. ఒకసారి ఆయనే నాతో "గా మోంబత్తులు మళ్లెప్పుడు పెడ్తవ్ రా?" అన్నాడు. సింకు గొట్టం బాగుచేయించిన అమ్మ లోపల్నుంచే "నా ఇంట్ల మైనం పేరెత్తితే కాళ్లిరగ్గొడ్త" అంది. ముగ్గురం నవ్వుకున్నాం. అంతటితో ఆ ముచ్చట ముగిసింది. అయిదేళ్లకు నాయన గుండె ఆగి పోయాడు, దుకాణంలోనే, బస్తాల మధ్య.

నిరుడు నేనూ మా ఆవిడా కలిసి ఒక ఫ్లాట్ కొనుక్కున్నాం. పాలు పొంగించాక చుట్టాలు భోజనాలకు లేచారు. అమ్మ ఒక్కతే కొత్త గదిలో కిటికీ పక్కన కూర్చుంది. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను.

"మీ నాయిన పోయినప్పుడు వాళ్ల సేటు వచ్చిండు గద" అంది ఉన్నట్టుండి. "ఆయన చెప్పిండు. గా దినం లోడ్ రానే రాలేదంట. పొద్దుగాలనే కొత్త అంగీ తొడుక్కొని, బామ్మర్ది ఇంటికి పోతున్న అని చెప్పి ఎల్లిండంట."

"మరి?"

"ఎక్కడిదాక వచ్చి మర్లిపోయిండో ఎవ్వరికెరుక. పెండ్లైన కొత్తల నాకు ఇల్లు కట్టిస్త అన్నడు రా. మస్తుసార్లు అన్నడు. మా తమ్ముని ఇల్లు చూడనీకి ఆయనకు కాళ్లు రాలే." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "గదే చెప్పవోయిండు గా రాత్రి. చెప్తే నేనేమంటుంటి? నాకు ఇల్లు ఎందుకయ్యా, నువ్వు పక్కకు వచ్చి కూసుంటే చాలకపోవునా అంటుంటి. గా మాట అనే మోకా నాకు రాకపాయె. మళ్ల మోంబత్తులు పెట్టనిస్తెనన్న చెప్తుండెనేమో."

అమ్మ చేయి పట్టుకుని కూర్చున్నాను. బయట ఎవరో భోజనానికి పిలుస్తున్నారు.

ఇప్పుడు తలుచుకుంటే నాకు ఎక్కువగా కనబడేది ఆ రాత్రి నాయనా కాదు, అమ్మా కాదు. వాళ్లు పడుకున్నాక నేల మీద మోకాళ్లేసుకుని, చెంచాతో మైనం గీకుతున్న ఆ ఇరవై మూడేళ్ల పిల్లవాడు. అమ్మానాయనలు మళ్లీ మాట్లాడుకుంటున్నారు, నవ్వుతున్నారు, ఇక ఇంతకంటే కావలసిందేముంది అనుకుంటున్నాడు. పరదా, ఫ్యాను, పళ్లెం, ఒత్తి అన్నీ చూసుకున్నాడు గానీ తలుపుకు గొళ్లెం పెట్టాలని తోచనివాడు. పాపం, పనంతా అయిపోయిందనుకుని హాయిగా ఈల వేసుకుంటున్నాడు.