తెలియదన్న డాక్టరమ్మ

"తెలీదండి" అనే మాటను ఆ డాక్టరమ్మ మందుచీటీ రాసినంత ధీమాగా అనేది.

మా పాప క్లాసులో కుదురుగా కూర్చోదు. జబ్బేమిటో కాగితం తెస్తేనే ఉంచుకుంటామంది ఇబ్రహీంపట్నం బడి. అలాంటి పిల్లల మెదడు ఫొటోలు తీసి చూసేది ఆమె.

మిషన్ టకటకా మోగుతున్నా లోపల కదలకూడదట. అది నేర్పడానికి ప్లాట్లు వేస్తున్న మా వెంచర్‌కే వచ్చి, మేం డ్రైనేజీకి దింపిన సిమెంటు పైపులో పాపను పడుకోబెట్టి, పైన గరిటెతో టకటకా కొట్టింది. పాప కదల్లేదు.

"గింత బుద్ధిగ పండుకుంది గదా మేడం, ఇగ రోగమేడిది?" అన్నాను.

"తెలీదండి."

ఫొటో తీశాకా అదే మాట. చాలామంది పిల్లలవి కలిపి చూస్తేనే ఏమన్నా తేలుతుందట.

కాగితం బదులు తనే బడికొచ్చింది. "ఏముందో నాకే తెలీదండి. మీరెలా తీసేస్తారు?" అంది. పెద్దసారు తల గోక్కుని సరేనన్నాడు.

ఐదో తరగతిలో సారు అడిగినదానికి ఆ మాటే అంటే నన్ను బడిలోంచి తీసేశారు. అదే మాటతో పాపను లోపల ఉంచిందామె. ఎలాగో ఇప్పటికీ అంతుపట్టదు.