కంప్యూటరుకి తెలియని తాళం

సోదరులారా, మీ ఊరి తుపాను షెల్టర్ తాళం ఈ క్షణాన ఎవరి దగ్గరుందో మీకు తెలుసా?

ఈ రోజు అల్లవరం దగ్గర మా ఊరికి ఒక కాలేజీ మేడమ్ కంప్యూటరుతో వచ్చారు. సముద్రం పొంగితే ఏమవుతుందో గోడ మీద బొమ్మ వేసి చూపించారు. నీలం రంగు నీళ్లట, పచ్చ చుక్కలు మనమట. చుక్కలన్నీ పరుగెత్తి షెల్టర్‌లో దూరి బతికిపోయాయి. జలప్రళయం గురించి చర్చిలో ఏళ్ల తరబడి గొంతు చించుకుంటున్న నేను, చేతిలోని గ్రంథం పైకెత్తి "స్తోత్రం!" అని కేక వేశాను.

చేపలమ్మే నూకాలమ్మ గారు లేచారు. "ఆ తలుపుకి తాళం ఉందండీ మేడమ్ గారూ. మీ కంప్యూటరుకి ఎవరూ చెప్పలేదాండీ?"

మేడమ్ బొమ్మలో తలుపు మూసి మళ్లీ నడిపారు. చుక్కలన్నీ గుమ్మం దగ్గర గుమిగూడి, ఒక్కొక్కటే నీలంలో కలిసిపోయాయి. పైకెత్తిన గ్రంథం మెల్లగా దించాను.

"తాళం ఎందుకు వేశారు?" అన్నారు మేడమ్.

"లోపల కొబ్బరికాయలు పోసేరండి."

"ఎవరు?"

"ఇందాకా స్తోత్రమన్నారు కదండీ, ఆ అయ్యగారేనండి!"

జనం పగలబడి నవ్వారు. సిగ్గుతో మొదలైన నా నవ్వూ ఆగలేదు. ఓడలోకి జంతువుల్ని ఎక్కించమని ఉంది గాని, కొబ్బరికాయలు ఎక్కించమని గ్రంథంలో ఎక్కడా లేదు! మీకెక్కడైనా కనిపిస్తే నాకు చెప్పండి.

తాళం తీసేశాను. కాయల రాశి సగం ఇంకా లోపలే ఉంది, సముద్రం వైపు మబ్బు పట్టింది. తట్ట ఉన్నవాళ్లు తట్టతో, లేనివాళ్లు ఉత్త చేతులతో, బయటికి మోయడానికి ఇప్పుడే మా ఊరికి బయలుదేరి రండి!