ఖాకీ ఉండలో నీలం ఊలు

ఖాకీ రంగంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. యుద్ధం రోజుల్లో మట్టెవాడలోని మా ఆడపిల్లల బడిలో సిపాయిలకు మఫ్లర్లు అల్లించేవారు. మేము ఉస్తానీ అని పిలిచే పంతులమ్మ, తలా ఒక ఖాకీ ఊలు ఉండ చేతిలో పెట్టింది. పువ్వు లేదు, ఆకు లేదు. అల్లిన వరుసే మళ్లీ మళ్లీ అల్లాలి. గానుగెద్దుకైనా సాయంత్రం కాడి దించుతారు.

అప్పుడే అక్క పురిటికి వచ్చింది. అక్క చిన్నప్పటి నీలం స్వెటర్ విప్పి, ఉతికి, ఆ ఊలుతో పుట్టబోయే బిడ్డకు ఆకుల అల్లికతో టోపీ అల్లాలని నా ఆశ. అమ్మ సూదులు లాక్కుంది.

"పుట్టని పిల్లకు టోపీ ఏందే? ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టున్నది!"

"ఊలు పాతదే గదనే అమ్మా!"

"ఊలు పాతదే, టోపీ కొత్తదే గద. పుట్టకముందు ఏం జెయ్యొద్దు. ముందల ఉస్తానీది అల్లుడు ఒడగొట్టు."

కోపంతో నీలం ఊలును చిన్న ఉండ చేసి, దాని మీద ఖాకీ ఊలంతా చుట్టేశాను. ఖాకీ అయిపోతే తప్ప నీలం చేతికి రాదు. ఆ ఆశతోనే వరుస తర్వాత వరుస లాగాను. మార్గశిరంలో అక్కకు కొడుకు పుట్టాడు. అమ్మ వాడిని పాత చీర ముక్కలో చుట్టింది. నా ఉండలో నీలం తొంగిచూసింది.

కానీ కోపంగా అల్లితే ఊలు బిగుస్తుంది. జానెడు వెడల్పుతో మొదలైన మఫ్లర్ చివరికి బెత్తెడైంది. ఉస్తానీ దాన్ని అందరి ముందూ పట్టి చూపించింది.

"ఇది సిపాయి మెడకా, పాము మెడకా? సాంతం విప్పు!"

పిల్లలంతా పకపకా నవ్వారు. నేను పళ్లు కొరుకుతూ విప్పాను. విప్పిన ఖాకీని తిరిగి ఉండ చుడితే అది నీలాన్ని మళ్లీ కప్పేసింది. మొదటి నుంచి అల్లాను.

మూడో నెలలో అక్క పరకాలలోని అత్తవారింటికి బయలుదేరింది. మాఘమాసం చలి, తెల్లవారుజామున వాకిట్లో బండి సిద్ధంగా ఉంది. నేను ఖాకీ చివరి వరుస ముడివేసేసరికి బావ ఎడ్లు కట్టాడు. నీలం ఊలు పూర్తిగా బయటపడింది, కానీ ఇక ఏం లాభం? అక్క ఒళ్లో పసివాడి చెవులు చలికి ఎర్రబారాయి. నేను మఫ్లర్ తీసుకెళ్లి వాడి తల చుట్టూ, చెవుల మీదుగా చుట్టేశాను.

"అది ఉస్తానీది గదనే! రేపు ఏం జెప్తవ్?" అంది అమ్మ.

"ఏమన్నా జెప్త! సిపాయిలకు సర్కారున్నది. వీనికెవ్వరున్నరు?"

బండి కదిలింది. వాడి తల మీద నీలం ఉండాల్సిన చోట ఆ దరిద్రపు ఖాకీ కనిపిస్తుంటే నాకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి.

ఉస్తానీ నన్ను నానా తిట్లూ తిట్టి ఇంకో ఖాకీ ఉండ ఇచ్చింది. ఇంటికి రాగానే దాన్ని అటక మీదికి విసిరి, ముందు నీలం టోపీ మొదలుపెట్టాను.