అయిదు దాటితే పలకని గొంతు

మానుకోటలో మా లెక్కల సార్ ఇంటికి పోయిన రోజు, లోపలి గదిలోంచి మేడమ్ గొంతు విన్నాను. "జర చూడు" అంది. అంతే. సార్ ఆ గుమ్మం వైపు ఒకసారి చూసి మళ్లీ కంప్యూటర్ వైపు తిరిగారు. మేడమ్ వంట పనిలో ఉందేమో, నేను వచ్చినట్టు తెలియదేమో అనుకున్నాను.

అప్పటికి నేను జనగామలో ప్రైవేటు బడి ఉద్యోగం మానేసి ఏడాది. పిల్లలకు లెక్కలు చెప్పడం తప్ప వేరే విద్య రాదు. ఇంట్లో కూర్చుని చేసుకునే పని కోసం వెతుకుతుంటే కరెన్సీ ట్రేడింగ్ కంటబడింది. షేర్ల లాగే డాలర్‌కు రూపాయి ధరను కూడా పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం అయిదు దాకా కొంటారు, అమ్ముతారు. ధర ఎటు పోతుందో అంచనా వేసి చార్ట్ మీద గుర్తులు పెట్టే లెక్కలుంటాయి. వాటిని ఇండికేటర్లంటారు. అందరూ వాడేవే నేనూ వాడి చూశాను. వాన వెలిశాక గొడుగు తెచ్చిచ్చినట్టు, జరిగిపోయినదాన్ని జరిగాక చెప్పేవి.

సొంత లెక్క రాసుకుని సొంత ఇండికేటర్ తయారు చేసుకోవచ్చని తెలుసు గానీ నాకు ప్రోగ్రాం రాయడం రాదు. ఇంటర్‌లో నాకు పాఠం చెప్పిన సార్ రిటైరయ్యాక అదే పనిలో ఉన్నారని విని, ఫోన్ చేసి, పొద్దుటి రైలుకు పోయాను.

"అందరి చెప్పులు మన కాళ్లకు పడ్తయా బిడ్డా? గిది నేను కుట్టుకున్నది" అన్నారు సార్.

ఆయన లెక్క సులువైనదే. పొద్దున మొదలైన ధర నుంచి రూపాయి ఎంత దూరం జరిగిందో చూస్తుంది. ఆ దూరం రోజూ ఊగే ఊపును మించితే చార్ట్ మీద బాణం గుర్తు పెడుతుంది. గడిచిన నెలల చార్ట్ చూపించారు. ప్రతి పెద్ద మలుపు దగ్గరా బాణం ఉంది. ఒక్కటీ తప్పలేదు.

"గిన్ని రోజులు దీంతోని మీరు మస్తు సంపాయించి ఉంటరు సార్."

"నేను కొనలే, అమ్మలే. ఊకె చూస్త."

టీ ఆయనే పెట్టి తెచ్చారు, రెండు కప్పులు. ప్రోగ్రాం ఉన్న ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇచ్చారు. గడప దాటుతూ "మేడమ్‌కు నమస్తే చెప్పుండ్రి సార్" అన్నాను.

"చెప్త బిడ్డా" అన్నారు.

మా ఇంట్లో పగలంతా నేనూ, అత్తమ్మా. మా ఆయన పొద్దున పోతే మాపటికి వస్తాడు. లాప్‌టాప్ ముందుగదిలో తెరిచిపెట్టి, ఇంటిపని చేసుకుంటూ మధ్యమధ్య వచ్చి చూసేదాన్ని. మూడో రోజు ఎండ బాగా ఎక్కాక వాకిట్లో బట్టలు ఆరేస్తున్నాను. అత్తమ్మ పక్కనే కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. ఎవరూ లేని ఇంట్లోంచి ఆడగొంతు వినబడింది.

"జర చూడు."

అత్తమ్మ చేతిలో కాయ ఆగిపోయింది. "లోపట ఎవలే?"

ఇద్దరం పోయి చూశాం. ముందుగది, వంటిల్లు, అత్తమ్మ గది. మంచం కింద కూడా చూశాం. ఎవరూ లేరు. లాప్‌టాప్ తెర మీద ధర మామూలుగా కదులుతోంది. బాణం లేదు, ఏమీ లేదు.

మర్నాడు రెండుసార్లు వచ్చింది. ఆ మర్నాడు మూడుసార్లు. ప్రతిసారీ అత్తమ్మ గది వైపు నుంచే. ఒకసారి నేను తెర ముందే కూర్చుని నోటుబుక్కులో రాసుకుంటున్నాను. గొంతు వినబడగానే లోపలికి పరుగెత్తాను. దేవుడి పటాలు, మడత పెట్టిన దుప్పటి, కదలని పరదా. తిరిగొచ్చేసరికి చార్ట్ మీద ఏమీ లేదు. పరుగెత్తే ముందు తెర మీద ఏదో కనిపించినట్టే ఉంది, కానీ ఒట్టేసి చెప్పలేను.

దానికన్నా నన్ను భయపెట్టింది నోటుబుక్కు. ఏ పూట ఎన్ని గంటలకు బాణం వచ్చిందో అందులో రాసుకుంటున్నాను. వారం తిరిగాక చార్ట్‌తో పోల్చి చూస్తే నేను రాసిన బాణాలు సగం చార్ట్ మీద లేవు. ఆ టైముల దగ్గర ఉత్త ధర గీతే ఉంది. రాత నాదే. ఎర్ర పెన్నుతో, బాణం బొమ్మతో సహా. లేనిదాన్ని చూసి రాశానా? లేని గొంతు వింటున్నట్టే లేని గుర్తులు చూస్తున్నానా? గొంతును అత్తమ్మ కూడా విన్నది కాబట్టి ధైర్యం తెచ్చుకున్నాను గానీ, లేకపోతే అప్పుడే దవాఖానకు పోయేదాన్ని. మా ఆయనకు చెప్పలేదు.

అత్తమ్మ కురవి వీరన్నకు మొక్కుకుంది. గుమ్మానికి నిమ్మకాయలు కట్టింది. గొంతు ఆగలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం అన్నం తింటూ ఆమే అంది.

"పిల్లా, నేను కనిపెట్టి చూస్తున్న. పొద్దుగాల తొమ్మిదికి ముందట రాదు. అయిదు దాటినంక రాదు. శనివారం, ఐతారం అసలే రాదు. గిదేం దయ్యమే, నౌకరి చేసినట్టు?"

నవ్వాను. నవ్వు నోట్లో ఉండగానే ముద్ద కింద పెట్టేశాను. అవి మార్కెట్ వేళలు.

చెయ్యి కడుక్కుని సార్ ఇచ్చిన ఫోల్డర్ తెరిచాను. ప్రోగ్రాం పక్కన ఇంకో చిన్న ఫైలు ఉంది, నేనెప్పుడూ పట్టించుకోనిది. నొక్కాను. అత్తమ్మ గదిలోంచి గొంతు పలికింది.

"జర చూడు."

దేవుడి పటాల వెనుక అత్తమ్మ భజనలు వినే చిన్న స్పీకర్ ఉంటుంది. ఎప్పుడో పండుగకు లాప్‌టాప్‌ను దానికి బ్లూటూత్‌తో కలిపాం. లాప్‌టాప్ తెరిచిన ప్రతిసారీ తనంతట తానే కలుస్తోంది. బాణం పడినప్పుడల్లా గంట మోగినట్టు ఈ గొంతు మోగేలా సార్ రాసిపెట్టారు.

"గింతేనా!" అని అత్తమ్మ నిమ్మకాయలు విప్పేసింది. నాకు మాత్రం మనసు కుదుటపడలేదు. ఆ ఫైలును మళ్లీ విన్నాను. మాట వెనక గిన్నెల చప్పుడు ఉంది. మానుకోటలో లోపలి గదిలోంచి విన్నది సరిగ్గా ఇదే, ఆ గిన్నెల చప్పుడుతో సహా.

సార్‌కు ఫోన్ చేశాను. ఆయన కూతురు ఎత్తింది. భూపాలపల్లి దవాఖానలో నర్సు. కాలికి పుండు పడితే సార్‌ను తన దగ్గరికి తెచ్చుకున్నానని చెప్పింది.

"మేడమ్ గూడ అక్కన్నే ఉన్నరా?" అన్నాను.

"అమ్మ పొయ్యి రెండేండ్లాయె అక్కా. మీకు తెల్వదా?"

నేను మానుకోట పోయి రెండు నెలలు కూడా కాలేదు.

ఆ వారమే పరకాల మీదుగా బస్సులో భూపాలపల్లి పోయాను. సార్ కిటికీ పక్కన కాలు చాపుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్ల వైరు పెట్టుకుని కంప్యూటర్ ముందు ఉన్నారు. కూతురు వంటింట్లో రొట్టె పిండి కలుపుతోంది. సార్‌కు చూపిద్దామని నోటుబుక్కు తీసి, లాప్‌టాప్ తెరిచి, ఫోన్ ద్వారా నెట్ కలిపాను. స్పీకర్ జనగామలో ఉండిపోయిందన్న సంగతి నాకు తట్టలేదు. కాసేపటికి లాప్‌టాపే గట్టిగా పలికింది.

"జర చూడు."

వంటింట్లో గిన్నె కింద పడింది. కూతురు పిండి చేతులతోనే గుమ్మంలోకి వచ్చింది. నన్ను కాదు, సార్‌ను కాదు, గదంతా చూసింది.

"అమ్మా?" అంది.

సార్ చెవుల్లోంచి వైరు తీశారు. నేను లాప్‌టాప్ మూయబోతే వద్దని చెయ్యి ఊపారు.

"మీ అమ్మ పక్కింటికి పోతా ఫోన్ల రికార్డు చేసి పంపిన మాట అది. పొయ్యి మీద పాలున్నయి, జర చూడు అన్నది. గంత ముక్క కోసి పెట్టుకున్న. మానుకోటల స్పీకర్ లోపటి అర్రల ఉంచిన."

"నాకెందుకు చెప్పలే బాపు?"

"బంద్ జేయమంటవని."

ఆమె గోడకు ఆనుకుని కిందే కూర్చుంది. నేను నోటుబుక్కు ముందుకు జరిపాను. "సార్, గీ బాణాలు ఎటు పోతున్నయి?"

"క్యాండిల్ నిండకముందే చూస్తది బిడ్డా. చార్ట్ మీద పావుగంట ధరంత ఒక కడ్డి లెక్క గీస్తది గదా, అదే క్యాండిల్. నడిమిట్ల ధర ఎగిరితే బాణం పెడ్తది, పిలుస్తది. పావుగంట నిండేలోపు ధర ఎనుకకొస్తే ఆ బాణాన్ని అదే తుడిచేస్తది. తప్పయినయన్ని తుడుసుకుంటది గనుకనే పాత చార్ట్ గంత మంచిగ కనవడ్తది."

"మీకు ముందుగాలనే తెలుసా?"

"రాసిన వారంలనే తెల్సింది. ఒక్క లైను మారిస్తే సరిపోతది."

"మరి ఎందుకు మార్వలే?"

అంతలో ఊరి పక్క ఓపెన్ కాస్ట్ బొగ్గు గనిలో బ్లాస్టింగ్ జరిగింది. కిటికీ అద్దాలు గలగలమన్నాయి. మోత సద్దుమణిగే దాకా సార్ ఆగారు.

"పావుగంట నిండినంకనే చూడుమని రాస్తే దినానికి ఒక్కసారి పిలుస్తది. ఒక్కొక్క దినం అది గూడ లేదు. గిట్లుంటే నాలుగైదు సార్లు."

లెక్క తప్పితే అరచేతి మీద బెత్తంతో కొట్టిన మనిషి ఆయన. ఆ తప్పును తెలిసి తెలిసి రెండేళ్లు కాపాడుకున్నారు.

కూతురు లేచింది. తిడుతుందేమో అనుకున్నాను. "ఆఖరుకు పన్నెండు దినాలు అమ్మ గొంతుల పైపు ఉండె అక్కా" అంది నాతో. "నేను డ్యూటీల ఉన్నదే ఆ వార్డు. ఒక్క మాట మాట్లాడలే." సార్ కంప్యూటర్ దగ్గరికి పోయి, చెవుల్లో పెట్టుకునే ఆ వైరును ఊడబీకి కిటికీలో పడేసింది. తర్వాత పోయి చేతులు కడుక్కుంది.

నేను జనగామ వచ్చాక సార్ చూపించినట్టే ఆ ఒక్క లైను మార్చుకున్నాను. గొంతు తీసేసి గంట పెట్టుకున్నాను. ఇక బాణాలు మాయం కాలేదు. కానీ అన్నింటిలాగే ఆలస్యంగా వచ్చేవి. కొన్నాళ్లకు నిబంధనలు బిగించారు. నిజంగా డాలర్లతో పని ఉన్నవాళ్లే ఈ లావాదేవీలు చేయాలన్నారు. నేను మానేశాను. ఇప్పుడు ఇంటర్ పిల్లలకు ఇంట్లోనే ట్యూషన్ చెప్తున్నాను. సార్‌కు ఆ నిబంధనతో పనిలేదు. చార్ట్ చూడడానికి అడ్డు లేదు.

సార్ కూతురు అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. మార్కెట్ గురించి ఓనమాలు తెలియని మనిషి, ఇప్పుడు పేపర్లో వ్యాపారం పేజీ చదువుతోంది. "అక్కా, రేపు వడ్డీ రేట్లు చెప్తరంట గదా, రూపాయి ఊగుతదా?" అని అడుగుతుంది. ఊగుతుందంటే ఆ పగలు ఇంట్లో ఉండేలా డ్యూటీ మార్చుకుంటుంది. రూపాయి నిలకడగా ఉన్న వారం ఆమె గొంతులో దిగులు తెలిసిపోతుంది. అలాంటి ఒక వారం, రూపాయికి ఏదో ఒకటి జరగాలని నేను కోరుకున్నాను. కోరుకున్నానని తెలిసి నాకే భయమేసింది.

మొన్నొక రోజు రూపాయి పొద్దుటి నుంచి ఆగకుండా కిందికీ పైకీ కొట్టుకుంది. మధ్యాహ్నం ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. సాయంత్రం ఆరింటికి ఆమే చేసింది.

"ఇద్దరం పొద్దటిసంది గీడనే కూసున్నం అక్కా. ఫోన్ ఎత్తబుద్ధి కాలే."

"సార్ అన్నం తిన్నరా?"

"ఇంక లేదు. ఇగ లేసి వండుత" అంది.