చిక్కుడు తీగల మీద సరిహద్దు తగాదా

ఆ మధ్య టీవీలో రోజూ ఒకటే వార్త. ఎక్కడో మంచు కప్పిన దీవిని ఒక పెద్ద దేశం తనలో కలుపుకుంటానంటోంది. గని కాలనీలోని మా క్వార్టర్‌లో ఆ దేశం తరఫున వాదించడానికి మా బాపు ఉన్నాడు.

"వీళ్ళు తీస్కోకుంటే రష్యావోడు తీస్కుంటడు, లేకుంటే చైనావోడు. దేశమన్నంక జర ముందుసూపు ఉండాలె," అన్నాడు షిఫ్టు నుంచి వచ్చి కాళ్ళు చాపుకుంటూ.

"ఎవలన్న తీస్కోనీ. నువ్వు అన్నం తిను," అంది అవ్వ, అంటే మా అమ్మ.

ఆ ఆదివారం మోకాళ్ళ నొప్పులని బాపు చర్చికి రాలేదు. గుంతలు తవ్వడానికి మాత్రం మోకాళ్ళు బాగానే వంగాయి. మా క్వార్టర్‌కూ పక్క క్వార్టర్‌కూ మధ్య చిక్కుడు తీగలు పాకిన కొంచెం జాగా ఉంది. ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన పక్కింటాయన ముందురోజు అక్కడ నిలబడి చాలాసేపు చూశాడట.

"ఏదో మతలబు ఉన్నది. రేపు షెడ్డు ఏస్తడు. మనమే ముందుగాల కంచె గుంజాలె," అని బాపు తీగచుట్ట నా చేతికిచ్చాడు.

చప్పుడుకు పక్కింటాయన బయటికి వచ్చాడు. "గిదేంది భయ్యా?"

"రక్షణ," అన్నాడు బాపు.

"అట్లనా? అయితే నేను భీ ఏస్తా." ఆయనా లోపలికెళ్ళి గుంజలు తెచ్చాడు. కాసేపటికి రెండు కంచెలు ఎదురెదురుగా నిలబడ్డాయి. మధ్యలో చిక్కుడు తీగలు ఇరుక్కుపోయాయి.

అప్పుడే అవ్వ చర్చి నుంచి వచ్చింది. ఇంట్లోంచి పక్కింటామె కూడా వచ్చింది.

"నాటింది మేమిద్దరం, నీళ్ళు పోసింది మేమిద్దరం. మీకెవలిచ్చిండ్రు గీ జాగా?" అంది అవ్వ.

బాపు పక్కింటాయన వైపు వేలు చూపాడు. "నిన్న చూసిండు!"

"కాయలు చూసిన భయ్యా. కూరకు తెంపుకొని రమ్మన్నది," అన్నాడాయన భార్య వైపు బిక్కమొహంతో చూస్తూ.

ఆడవాళ్ళిద్దరూ నవ్వు ఆపుకోలేకపోయారు. బాపు మాత్రం నవ్వలేదు. గుంజలు పీకమని అవ్వ చెప్పకముందే పీకడం మొదలుపెట్టాడు. వాటితోనే మధ్యాహ్నానికి ఇద్దరూ కలిసి తీగలకు పందిరి వేశారు.

పని అయ్యాక చాయ్ తాగుతూ ఇద్దరూ ఒక మాట మీదికొచ్చారు. పందిరిని కొంచెం రోడ్డు వైపు కూడా పెంచాలి. లేకుంటే ఎదురు క్వార్టర్ వాళ్ళు ముందుకొస్తారట.