గంగయ్య మామ కూటమి సేనలు

మలయా గడ్డమీది బంటింగ్ ఊళ్ళో గంగయ్య మామ ఒంటరిగా ఏ పనికైనా వెళ్ళగా చూసినవాళ్ళు ఎవరూ లేరు. కొబ్బరికాయ కొనడానికైనా ఆయన సైన్యంతోనే బయల్దేరతాడు. ఆ సైన్యానికి ఆయన పెట్టుకున్న పేరు కూటమి. ఒక్కడే వెళ్తే సామ్రాజ్యాలు కూలవనీ, మలయాని ఆక్రమించిన జపానువాడి మీదికి ఇన్ని దేశాలు చేతులు కలిపి వచ్చాయి కాబట్టే పని అయిందనీ, కనక పాడైన ఫ్యాను మార్పించుకోవడానికైనా మిత్రపక్షాలు వెంట ఉండి తీరాలనీ ఆయన సిద్ధాంతం.

ఇంతా చేసి ఆయన యుద్ధం ముగిసిన పదేళ్ళకు పుట్టిన మనిషి. జీవితమంతా స్కూలు బస్సు నడిపాడు. తుపాకీ ముట్టిన పాపాన పోలేదు. అయినా కోతబారులో శత్రువు దిగిన దగ్గర్నుంచి సింగపూరు పడిపోయిన దాకా పక్కనే నిలబడి చూసినట్టు చెప్తాడు. శత్రువు సైకిళ్ళెక్కి దేశమంతా తొక్కుకుంటూ వచ్చాడన్న కోపంతో ఇప్పటికీ తన గేటు లోపలికి సైకిలు రానివ్వడు.

"మరి మీ ఇంట్లో రైస్ కుక్కర్ జపానుదే కదా మావా?" అని ఒకసారి మేనకోడలు షామిని నిలదీసింది.

"అది యుద్ధఖైదీ. అందుకే దానిసేత సాకిరీ సేయిస్తన్నాను" అన్నాడు మామ, తొణక్కుండా.

కూటమిలో మామ కాక ముగ్గురు. హార్డ్‌వేర్ కొట్టు కొడుక్కి అప్పగించేసిన ఆ సెంగ్ ('ఆ' కూడా పేరులోదే), కొండల్లో దాక్కుని పోరాడిన చీనా గెరిల్లా దళం. పోస్టాఫీసులో రిటైరైన పాక్ దిన్, విమానాల్లోంచి దూకిన అధికారులకు అడవిలో దారి చూపిన మలాయ్ దళం. విజయవాడ నుంచి వచ్చి సైబర్‌జయాలో కంప్యూటర్ ఉద్యోగం చేస్తూ బంటింగ్‌లో గది అద్దెకు తీసుకున్న రవికిరణ్, ఇండియన్ డివిజను. మామేమో సింహళం నుంచి యుద్ధం నడిపించిన ప్రధాన కార్యాలయం. అంటే ఫ్యాను కింద కుర్చీ.

ఒకసారి రక్తపోటు చూపించుకోవడానికి క్లినిక్‌కి కూడా కూటమితోనే వెళ్ళాడు. నర్సు బిత్తరపోయి "ఇందులో రోగి ఎవరండీ?" అంది. "మా కూటమిలో ఒకడికి జబ్బంటే అందరికీ జబ్బే. అందరికీ సూడు" అని హుకుం జారీ చేశాడు మామ. చూస్తే మామ నిక్షేపంలా ఉన్నాడు. ఆ సెంగ్‌కి మాత్రం చక్కెర ఆకాశాన్నంటింది. ఇంటికొచ్చాక షామిని తల బాదుకుంది. "నువ్వు చూపించుకోడానికెళ్ళి పాపం ఆయనకి మందులు తెచ్చావు కదా మావా!"

ఇవన్నీ నవ్వుకునే సంగతులు. షామినికి నవ్వు రాని సంగతి ఒకటి వచ్చిపడింది. వాళ్ళ పెద్దమ్మ, అంటే గంగయ్య మామ అక్క అన్నమ్మకు వీధి చివర రేకుల కప్పు కింద తోసెల (దోసెలకి అక్కడి పేరు) అంగడి ఉంది. షామినిని పెంచి, చదివించి, క్లాంగ్‌లో ఉద్యోగం దాకా తీసుకొచ్చింది ఆ పెనమే. అలాంటి అంగడి ముందున్న ఖాళీ జాగాలో పాత ఇనుము వ్యాపారి ఒకడు విరిగిన లారీలు తెచ్చి వరసగా నిలబెట్టాడు. రోడ్డు మీద పోయేవాళ్ళకి అంగడి కనపడదు. మోటారుసైకిలు ఆపుకోవడానికి జాగా లేదు. చూస్తూండగానే బేరాలు పడిపోయాయి. నెలాఖరుకి మూసేస్తానని పెద్దమ్మ ప్రకటించింది.

గంగయ్య మామ మాత్రం ఉప్పొంగిపోయాడు. "ఇది ఆక్రమణ లా! సాచ్ఛాత్తూ ఆక్రమణ!" అని, మాట చివర ఆ ఊరి అలవాటు 'లా' తగిలిస్తూ బల్ల గుద్ది, అన్నమ్మ వేసిచ్చిన తోసెను మలయా చేశాడు. చట్నీ సముద్రమైంది.

"రోడ్డు వైపు శత్రువు కాపలా ఉన్నాడు. మనం ఎనకనుంచి దిగుతాం. మోరిబ్‌లో దిగినట్టు!"

మోరిబ్ తీరం బంటింగ్‌కి దగ్గరే. మామకి అది పుణ్యక్షేత్రం. యుద్ధం చివర కూటమి ఓడలు అక్కడికే వచ్చాయి. చిక్కల్లా, అవి వచ్చేసరికి జపాను లొంగిపోయి వారాలైంది. పైగా ఒడ్డుకు దిగిన బళ్ళు బురదలో కూరుకుపోయాయి.

"యుద్ధం అయిపోయాక వచ్చి ఏం ఒరగబెట్టినారు మావా?" అంది షామిని చిరాగ్గా.

మామ ముఖం ఒక్కసారి గంభీరమైంది. "వచ్చినోల్లని అడక్కు గుంటా. ఆకలితో ఒడ్డుని నిలబడ్డోల్లని అడుగు. మా నాయిన నిలబడ్డాడు."

"ఒరే గంగా, తోసె సల్లారిపోతంది. ముందా మలయాని తినీసి, తరవాత యుద్ధం సెయ్యి" అంది అన్నమ్మ.

ఆదివారం పొద్దున దండయాత్ర అని తేల్చారు. షామినికి భయం పట్టుకుంది. ఈయన వెళ్ళి ఆ ఇనుము వ్యాపారితో గొడవపడితే పెద్దమ్మ నెలాఖరు దాకా కూడా ఆగదు. చప్పుడు చెయ్యకుండా ఊరి మునిసిపల్ కౌన్సిల్‌కి ఫిర్యాదు పంపించింది. పంపి ఊరుకోలేదు, రోజూ ఫోన్లు చేసి వాళ్ళ ప్రాణం తీసింది. శనివారం సాయంత్రం బస్సు దిగి చూస్తే జాగా ఖాళీ! ఒక్క లారీ లేదు. షామిని చెప్పులు చేతపట్టుకుని పరుగెత్తింది.

"పెద్దమ్మా! సూసినావా? పోయినాయి!"

అన్నమ్మ పెనం బోర్లించి కూర్చుని ఉంది. "సూసినాను. లారీలు పోయినాయి. వోటితోపాటే జనం కూడా పోయినారు. ఇంక ఎవులొస్తారే? పిండి రుబ్బి పారబోసుకోడం నావల్ల కాదు. మూసీడమే."

షామినికి ఏడుపొక్కటే తక్కువ. గెలిచిన మాట మామకైనా చెబుదామంటే ఫోను ఎత్తడు. యుద్ధకాలంలో ఆయన ఫోను మౌనవ్రతం పడుతుంది.

రాత్రి వాన దంచింది. తెల్లారి అంగడి వెనక చిత్తడి నేలలో ఏదో రొద వినపడితే షామిని పరుగెత్తుకెళ్ళింది. మామ వ్యాను సగం చక్రాల దాకా బురదలో దిగబడి గుర్రుమంటోంది. ఆ సెంగ్, పాక్ దిన్, రవికిరణ్ వెనకనుంచి తోస్తున్నారు. చక్రం తిరిగినప్పుడల్లా ముగ్గురికీ బురదాభిషేకం. అంగడికి అవతల వైపున మాత్రం గట్టి నేల, విశాలంగా, ఖాళీగా, నవ్వుతూ పడుంది.

"మావా! వాడు నిన్ననే లారీలు తీసుకుని పోయినాడు!"

ఆ సెంగ్ ముఖం మీది బురద తుడుచుకుని అటు చూశాడు, ఇటు చూశాడు. "అయ్యో గంగయ్యా! పెరాంగ్ సుడా హబిస్ లా! యుద్ధం ఐపోయింది గదా!"

"ముందు రోడ్డుంటే మమ్మల్ని ఇలా ఎందుకు దించారండీ బాబూ?" అని రవికిరణ్ లబోదిబోమన్నాడు. ఒక చెప్పు బురదలోనే ఉండిపోయింది.

పాక్ దిన్ నవ్వాపుకోలేక వ్యానుకి ఆనుకుని కూలబడ్డాడు. అతణ్ణి చూసి ఆ సెంగ్, ఆ సెంగ్‌ని చూసి రవికిరణ్. కాసేపటికి నలుగురూ పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు.

ఆ గోలకి అన్నమ్మ బయటికొచ్చింది. నడుం మీద చేతులు పెట్టుకుని నలుగురినీ ఎగాదిగా చూసింది. "సిగ్గులేదేట్రా, ఈ వయసులో! పొద్దున్నుంచి ఏటైనా తిన్నారా?" ఎవరూ తినలేదు. "కూకోండి. బురద నా బల్లకి అంటిందంటే పెనంతో కొడతాను" అని, బోర్లించిన పెనం తీసి పొయ్యి మీద పెట్టింది.

తోసెల వాసన రోడ్డెక్కింది. రోడ్డు మీద పోయేవాడొకడు బురదమనుషుల్ని చూసి వింతకి ఆగాడు, తోసెకి కూర్చున్నాడు. వాడి వెనక ఇంకొకడు. కాసేపట్లో ఖాళీ జాగానిండా మోటారుసైకిళ్ళు. షామినికి పళ్ళేలు అందించడానికి చేతులు చాలలేదు.

తుడుచుకోవడానికి గుడ్డలు తెద్దామని వ్యాను తలుపు తీసి, షామిని అక్కడే ఆగిపోయింది. సీటు మీద ఉతికిన లుంగీలు మడతపెట్టి ఉన్నాయి, తలా ఒకటి. పక్కన సబ్బు, తువ్వాళ్ళు.

"మావా, నిజం సెప్పు. లారీలు పోయినాయని నీకు ముందే తెలుసు."

"తెలవకేటి? లారీలు ఎనక్కి తీస్తుంటే రా, రా అని సెయ్యి ఊపింది నేనే లా."

"మరి ఈ బురద?"

మామ గొంతు తగ్గించాడు. "లారీ పోగానే అక్క పొయ్యి ముట్టించిందా? లేదు. తినీవోడు లేకండా ఎవులికోసం ముట్టిస్తాది? అదిగో, ఆ సెంగ్‌ని సూడు. పెళ్ళాం పోయినకాడ్నుంచి వొక్కడే తింటన్నాడు. తిందాం రారా అంటే పర్లేదు, పర్లేదంటాడు. యుద్ధానికి రారా అంటే తెల్లారకముందే బూట్లేసుకుని నిలబడతాడు. దిన్‌దీ అదే బతుకు. ఈ విజయవాడ కుర్రోడు గదిలో కూకుని నూడిల్సు తింటాడు. మామూలుగా పిలిస్తే ఎవులూ రారు గుంటా. బురదైపోతే ఇక ఇంటికి పోనేరు గదా!"

షామిని బురద అంటుతుందని కూడా చూడకుండా మామను గట్టిగా వాటేసుకుంది. "నువ్వు మహా మోసగాడివి మావా" అంది. మామ ఆ బిరుదును ఎంతో గర్వంగా స్వీకరించాడు.

ఇంతలో అంగడి ముందు ఎవరో గట్టిగా అడుగుతున్నారు. "అక్కా, నెలాఖరుకి మూసేస్తన్నావంట గదా?"

అన్నమ్మ అట్లకాడ పైకెత్తింది. "ఎవుడ్రా అన్నాడు? వొచ్చి నా ఎదట అనమను!"

అందరూ పళ్ళేల్లోకి తల దించుకున్నారు. అన్నమ్మ తోసె తిరగేసి, షామిని వైపు చూడకుండానే కేకేసింది. "గుంటా, పిండి ఐపోవొచ్చింది. ఎల్లి రేపటికి బియ్యం నానబెట్టు. ఎప్పటికంటే ఎక్కువ పొయ్యి."